పాతజోళ్లు - క్రొత్తరంగు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల యువకులు చదువు ముగించి, ఉద్యోగార్థులై బీజాపూరు రహదారి వెంబడి పట్నమునకు బోవునపుడు చొక్కాయు, పంట్లామును ఎట్లో సమకూర్చుకొందురు. చిక్కంతయు జోళ్లయొద్దనే వచ్చును. మంచి తోలుజోళ్లు మిక్కిలి ప్రియము. చౌకజోళ్లలో పెక్కింటికి తోలువలె గన్పట్టు ప్లాస్టిక్కు పొర మాత్రమే యుండును. ఆ పొర యొకసారి లేచిన పిమ్మట వానిని బాగుచేయుట యెవ్వరి తరమును గాదు. ఇట్టియెడ నొకరు వాడి విడిచిన మేలితోలు జోళ్లను గొని, శుభ్రపరచి, రంగువేసి ధరించుట అవమానమా, వివేకమా? వివేకమే యని నా యభిప్రాయము. అయితే ఆ పనికి గొంత శాస్త్రజ్ఞానమును, గొంత న్యాయబుద్ధియు నావశ్యకములు.

మొదట శాస్త్రమును జూతము. హైదరాబాదునందలి జుమ్మేరాత్ బజారువంటి పాతసామానుల సంతలో జోడు చేతికి దీసికొనినపుడు మెరుపును జూచి మోసపోరాదు. కోసిన యంచును జూడవలెను. అచ్చట నారనారగా నున్నచో తోలు; గుడ్డపై నంటించిన పొర కన్పడినచో తోలు గాదు. నడకవలన బడిన సన్నని ముడుతలు దోషములు గావు. లోతుగా జీలిన పగుళ్లు మాత్రము తోలు చచ్చిన దనుటకు గుర్తులు. వానికి రంగు వైద్యము గానేరదు. అడుగుభాగము కుట్టుపనియైనచో నరిగిన పిదప మార్పించుకొనవచ్చును.

కొన్న పిమ్మట దారములు దీసి, లోపల కాగితపుటుండలు గ్రుక్కి రూపము నిలుపవలెను. దుమ్ము దులిపి, కొలదిపాటి సబ్బునీట దడిపి పిండిన గుడ్డతో దుడిచి, నీడపట్టున నారనీయవలెను. ఎండలోగాని పొయ్యిచెంతగాని యుంచిన తోలు బిరుసెక్కి పగులును. పాతపాలిషును స్పిరిటుతో దొలగించినగాని రంగు లోనికి దిగదు. ఈ పని మంటకు దూరముగా, గాలి వీచుచోట జేయవలెను. రంగును ముందుగా జోటి నాలుక లోపలివైపున బరీక్షించి, పిదప పలుచగా, ఆరనిచ్చి యారనిచ్చి, పలుమారులు పూయవలెను. గోధుమవన్నె జోడు నల్లన గాగలదు గాని, నల్లనిది గోధుమవన్నె గాదు. రంగారిన తరువాత తోలును మెత్తపరచు క్రొవ్వుపూతయు, కట్టకడపట మైనపు పాలిషును బెట్టవలెను. మైనము ముందైనచో క్రొవ్వు లోనికి జొరదు.

ఈ విద్య మనకు బరాయిది గాదు. నేడు తెలంగాణ రాష్ట్రపుష్పమై, బతుకమ్మలో బేర్పబడు తంగేడు యొక్క చెక్కతోనే మన చర్మకారులు తరతరములుగా లందలలో తోళ్లను బదునుచేసిరి. అట్టి తోలుపై నినుపనీరు సోకిన నల్లబడును; చెక్కయందలి వగరు పదార్థము ఇనుముతో గలియుటయే దీనికి గారణము. కరక్కాయ, ఇనుము, బెల్లములతో గలంకారీవారు సాధించు నలుపును ఇట్టిదే. బడిముఖ మెరుగనివారు ఈ రసాయనశాస్త్రమును జేతులతో నడపిరి. మనము వారి కిచ్చిన బహుమాన మేమి? ఊరి వెలుపల నివాసము! 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. అయినను తోలుపని యనగానే ముఖము చిట్లించు నలవాటును జట్టము మాత్రమే తొలగింపజాలదు.

1814లో శ్రీరామపురమున దెనుగు వ్యాకరణమును బ్రకటించిన విలియం కేరీ యౌవనమున జోళ్లు కుట్టి జీవించినవాడు. గుంటూరుసీమ యందలి యెలవర్రులో 1922లో రైతుకుటుంబమున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు తోలుశాస్త్రమునే వరించి, 1958 మొదలు 1971 వరకు మద్రాసునందలి కేంద్ర చర్మపరిశోధనాలయమునకు సంచాలకులై యుండిరి. వీరికి దోలు తక్కువతనము దేలేదు. మనకు మాత్ర మేల తేవలెను?

ఇక న్యాయబుద్ధి. పగుళ్లలో మైనము నింపి, పైన దట్టముగా రంగు బూసి, క్రొత్తవని యమ్మువారు కలరు. అది పనితనము గాదు, వంచన. రంగు తోలును గాచుటకే గాని లోపమును దాచుటకు గాదు. కొనువారికిని ఒక ధర్మము గలదు. అద్దాల దుకాణమున వేలరూపాయలు మాటాడక చెల్లించు మనము, బాటప్రక్కన గూర్చున్న మోచీతో పదిరూపాయలకు బేరమాడుదుము. అతడు మన జోటికి మరల నాలుగేండ్ల యాయువు పోయుచున్నా డనుమాట మరతుము.

కావున నాదొక సూచన. ప్రతి యున్నత పాఠశాలయు నెల కొక్కతూరి గ్రామచర్మకారు నాహ్వానించి, ఉపాధ్యాయుని కుర్చీలో గూర్చుండబెట్టి, తగిన వేతన మిచ్చి, ఈ పనిని బాలబాలికలకు నేర్పింపవలెను. ఆరె పట్టుట, కుట్టు వేయుట, రంగు పూయుట అందఱును నేర్వవలెను, ఏ కులమువారికిని మినహాయింపు వలదు. సోదర విద్యార్థులారా, జోటికి మెరుగు దెచ్చు పాటి యోపిక మనకు గలిగెనేని ధనము మిగులును. ఆ జోటిని గుట్టిన చేతిని గౌరవించు బుద్ధియు గలిగెనేని మనుష్యత్వము మిగులును.