పిల్లల బరువు: బక్కగా ఉంటే బెంగ.. బొద్దుగా ఉంటే దిష్టి.. మరి కాటా ఏం చెబుతోంది?

"ఏంటమ్మా.. బాబు ఇలా చిక్కిపోయాడు, సరిగ్గా తినిపించట్లేదా?" ఇంటికొచ్చిన చుట్టం ఈ ఒక్క మాట అంటే చాలు.. ఆ తల్లికి ఇక కునుకు పట్టదు. ఆ రోజు నుంచే బలవంతంగా ముద్దలు కుక్కడం, పాలల్లో పౌడర్లు, చేతికి బిస్కెట్లు మొదలు. ఇంతకీ బాబు నిజంగా చిక్కాడా? చాలా ఇళ్లలో ఈ సంగతి తేల్చేది కాటా కాదు.. పక్కింటి పిల్లాడు.

ఏడాది దాటాక జరిగేది ఇదే..

ఏడాది నిండేసరికి బిడ్డ బరువు పుట్టినప్పటి కంటే దాదాపు 3 రెట్లు అవుతుంది. ఆ తర్వాత జోరు తగ్గుతుంది. 2 నుంచి 5 ఏళ్ల మధ్య ఏటా పెరిగేది సుమారు 2 కిలోలే. ఆకలీ తగ్గుతుంది. పరుగులు మొదలయ్యాక బుగ్గలు కరుగుతాయి. సహజమైన ఈ మార్పే ఇంట్లోవాళ్లకు 'చిక్కిపోవడం'లా కనిపిస్తుంది.

కంటికి ఆనని లోపం..

అసలు సమస్య వేరే ఉంది. వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లాడు బొద్దుగానే కనిపించొచ్చు. 'మా వంశమే పొట్టి' అని పెద్దలు సరిపెట్టుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందిది ఇదే పరిస్థితి. ఏపీలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంతకుముందు సర్వేలో తెలంగాణ లెక్క 28 శాతమే!

మరోవైపు దేశంలో అధిక బరువున్న చిన్నారులు 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగారు. అయినా బొద్దుగా ఉన్న బిడ్డను డాక్టర్‌కు చూపించాలని ఎవరికీ తోచదు. దిష్టి తీసి ఊరుకుంటారు.

కడుపు నిండటం వేరు, పోషకాలు అందడం వేరు. 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది 11.3 శాతం మందికే అని అదే సర్వే తేల్చింది. పాలు, బిస్కెట్లతోనే పొట్ట నిండితే పప్పు, గుడ్డు, ఆకుకూరకు చోటెక్కడ?

మరి ఏం చేయాలి?

అంగన్‌వాడీలో బరువుతో పాటు ఎత్తూ కొలిపించాలి. మాతా శిశు సంరక్షణ కార్డులోని చార్టులో నమోదు చేయించాలి. చూడాల్సింది ఒక్క నెల అంకెను కాదు, నెలనెలా సాగే గీతను. గీత తన దారిలో పైకి వెళ్తుంటే బిడ్డ పల్చగా ఉన్నా సాధారణంగా కంగారు అక్కర్లేదు. కిందికి జారినా, కదలకుండా ఆగిపోయినా, బరువు గీత ఒక్కసారిగా పైకి ఎగబాకినా డాక్టర్‌ను కలవాల్సిందే.

ఈసారి చుట్టం అదే మాట అంటే.. కార్డు తీసి చూపిస్తే సరి!