జీతం వంద పెరిగితే కోత రెండొందలు

బెంగళూరు నుంచి హోసూరు వెళ్లే దారిలో కర్ణాటక చివరి ఊరు అత్తిబెలె. ఆనేకల్ తాలూకాలోని ఈ పట్టణంలో పారిశ్రామిక వాడ ఉంది, టోల్‌గేటు ఉంది. కాస్త ముందుకెళితే తమిళనాడు. కన్నడ, తమిళంతో పాటు తెలుగూ వినిపించే చోటు. ఇక్కడి ఫ్యాక్టరీలో నెలకు రూ.24,900 తీసుకునే కార్మికుడికి యాజమాన్యం వంద రూపాయలు పెంచిందనుకుందాం. పే స్లిప్‌లో అప్పటిదాకా లేని పద్దు ఒకటి వచ్చి చేరుతుంది. అది వృత్తి పన్ను, రూ.200. పీఎఫ్ లాంటి మిగతా కోతలు పక్కన పెడితే చేతికొచ్చేది రూ.24,800. పెంపుకు ముందు ఇంటికి తీసుకెళ్లినదాని కంటే వంద తక్కువ.

ఇది లెక్కల్లో జరిగిన పొరపాటు కాదు, చట్టం రాసిన తీరే అంత. కర్ణాటకలో నెల జీతం రూ.25,000 తాకితే వృత్తి పన్ను మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు రూ.15,000 ఉండేది కాబట్టి కొంత ఊరట దక్కిన మాట నిజమే. అయితే 2025లో ఫిబ్రవరి నెల కోతను రూ.300 చేశారు. పదకొండు నెలలు రెండొందల చొప్పున, ఒక నెల మూడొందలు కలిపితే ఏడాదికి సరిగ్గా రూ.2,500. రాజ్యాంగంలోని 276వ అధికరణం వృత్తి పన్నుకు విధించిన గరిష్ఠ పరిమితి అదే. 1988లో 60వ సవరణతో రూ.250 నుంచి అక్కడికి పెంచారు. ఆ తర్వాత కదలలేదు.

ఈ పరిమితి పుణ్యమా అని అదే ఫ్యాక్టరీలో నెలకు రెండున్నర లక్షలు తీసుకునే మేనేజరు కట్టేదీ రూ.2,500 మాత్రమే. కార్మికుడి ఏడాది సంపాదనలో అది 0.83 శాతం, మేనేజరు సంపాదనలో 0.08 శాతం. సంపాదన పదింతలైనా పన్ను పైసా పెరగదు.

ఢిల్లీ వసూలు చేసే ఆదాయపు పన్ను నడక ఇందుకు పూర్తిగా వేరు. 2025 బడ్జెట్‌లో ఖరారైన కొత్త విధానం ప్రకారం మొదటి నాలుగు లక్షల ఆదాయంపై పన్ను లేదు. ఆపైన ప్రతి నాలుగు లక్షలకూ ఒక మెట్టు చొప్పున 5, 10, 15, 20, 25 శాతం. రూ.24 లక్షలు దాటిన భాగంపై 30 శాతం. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. పై శ్లాబులోకి వెళితే మొత్తం ఆదాయంపై ఆ రేటు పడదు, ఆ మెట్టులో ఉన్న భాగం మీదే పడుతుంది. రూ.12 లక్షల వరకు ఆదాయంపై పడే పన్నును రిబేటు రద్దు చేస్తుంది. జీతగాళ్లకు రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కనుక రూ.12.75 లక్షల జీతం దాకా ఆదాయపు పన్ను సున్నా.

మరి పన్ను వేయదగిన ఆదాయం రూ.12 లక్షలను పది వేలు దాటితే? శ్లాబుల లెక్కన రూ.61,500 కట్టాలి. పది వేలు ఎక్కువ సంపాదించిన పాపానికి అరవై వేలు లాగేయడం అన్యాయమని చట్టమే గుర్తించింది. అందుకే మార్జినల్ రిలీఫ్ పేరుతో, సెస్ కాక, ఆ పది వేలతోనే సరిపెడుతుంది. పన్నెండు లక్షల వాడి మీద చూపిన ఈ దయ పాతిక వేల జీతగాడి దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? పైగా పాత విధానంలో వృత్తి పన్నును ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలూ లేదు.

దేశం నలుమూలల నుంచి వచ్చే ఐటీ రిటర్నులను పరిశీలించే కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం (సీపీసీ) ఉన్నది కూడా ఈ హోసూరు రోడ్డు మీదే. రిటర్ను వేసినవారికి వచ్చే ఇంటిమేషన్లు, రీఫండు సమాచారం బెంగళూరు సీపీసీ పేరుతోనే వస్తాయి. కోట్ల లెక్కలను కంప్యూటర్లు పైసలతో సహా సరిచూస్తున్న కాలంలో, రాష్ట్రం మాత్రం 25 వేల దగ్గర ఒక గీత గీసి ఊరుకుంది.

ఆదాయపు పన్ను మీద కూడా వాదాలకు కొదవ లేదు. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి బ్రిటిష్ ఇండియా ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లో దీన్ని తెచ్చినప్పుడే వ్యతిరేకత మొదలైంది. 1973-74 నాటికి సర్‌ఛార్జీతో కలిపి గరిష్ఠ రేటు 97.75 శాతానికి చేరింది. ఎగవేతకు అధిక రేట్లే ప్రధాన కారణమని ప్రత్యక్ష పన్నులను పరిశీలించిన వాంఛూ కమిటీ అప్పటికే చెప్పింది. ఆ తర్వాత రేట్లు దిగుతూ వచ్చి 1997లో 10, 20, 30 శాతం దగ్గర కుదురుకున్నాయి. మరీ పిండితే పన్ను రాలదని ఆ అనుభవం నేర్పింది.

ఇప్పుడు వాదం రేటు మీద కంటే ఎవరు కడుతున్నారన్న దాని మీదే ఎక్కువ. 2023-24లో రిటర్నులు వేసినవారు సుమారు 8.09 కోట్లు, అంటే జనాభాలో 6.68 శాతం. అందులోనూ 4.9 కోట్ల మంది కట్టాల్సింది ఏమీ లేదని చూపినవారే. జీతగాడికి టీడీఎస్ రూపంలో ముందే కోత పడుతుంది, వ్యాపారి మాత్రం ఖర్చులు తీసేసి మిగిలింది చూపుతాడు. వ్యవసాయ ఆదాయం కేంద్రం పరిధిలోనే లేదు. దానిపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. కర్ణాటక, మైసూరు రాష్ట్రంగా ఉన్నప్పుడే, 1957లో అందుకు చట్టం చేసింది. చిన్న రైతును తాకకుండా పెద్ద తోటల ఆదాయాన్ని అడగడం అసాధ్యమేమీ కాదు.

ఈ లెక్కలు చూపించి, నూటికి తొంభైమంది పన్ను కట్టకుండా తింటున్నారని గొణిగేవారుంటారు. అత్తిబెలె కార్మికుడు ఆదాయపు పన్ను కట్టడు, నిజమే. సబ్బు కొన్నా, సెల్‌ఫోన్ రీచార్జి చేసినా, బైకులో పెట్రోలు పోయించినా కడుతూనే ఉంటాడు. ఆ పన్నులు కొనేవాడి జేబు ఎంత లోతో అడగవు. అడిగే పన్ను ఆదాయపు పన్నొక్కటే. దాన్ని ఎత్తేయాలనే వాళ్లు ఆ భారం ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి.

రాష్ట్రాలకూ ఒక బాధ ఉంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే మొత్తంలో కర్ణాటక వాటాను 15వ ఆర్థిక సంఘం 4.713 నుంచి 3.647 శాతానికి తగ్గించింది. 2024 ఫిబ్రవరి 7న సిద్ధరామయ్య ప్రభుత్వం జంతర్ మంతర్ దగ్గర ధర్నా చేసింది అందుకే. కేంద్రం వేసే సెస్‌లు, సర్‌ఛార్జీలలో రాష్ట్రాలకు వాటా ఉండదు. ఖజానా నింపుకోవడానికి వృత్తి పన్ను లాంటివి వెతుక్కోవడాన్ని తప్పు పట్టలేం. ఆ లోటును పాతిక వేల జీతం మీద పూడ్చుకోవడమే తప్పు.

దారులు ఉన్నాయి. సరిహద్దుకు అవతల హోసూరులో వృత్తి పన్నును స్థానిక సంస్థే ఆర్నెల్లకోసారి, ఆదాయాన్ని బట్టి అంచెలుగా వసూలు చేస్తుంది. గరిష్ఠ పరిమితిని రూ.12 వేలకు పెంచాలని 14వ ఆర్థిక సంఘం సూచించింది. అది జరిగితే పై జీతాల నుంచి ఎక్కువ రాబట్టి కింది జీతాలను పూర్తిగా వదిలేయవచ్చు. తెలుగు రాష్ట్రాలకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడ రూ.15 వేలు దాటితే నెలకు రూ.150, రూ.20 వేలు దాటితే రూ.200 కోత ఇప్పటికీ నడుస్తోంది. కర్ణాటక కంటే తక్కువ జీతం దగ్గరే పట్టుకుంటున్నారన్నమాట.

పరిమితి మార్చడం పార్లమెంటు పని, అందుకు సమయం పట్టవచ్చు. మార్జినల్ రిలీఫ్‌ను వృత్తి పన్నుకూ వర్తింపజేయడానికి మాత్రం ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు, శాసనసభలో చిన్న సవరణ చాలు. బెంగళూరు, అమరావతి, హైదరాబాద్ ప్రభుత్వాలు వచ్చే బడ్జెట్‌లోనే ఆ పని చేయాలి.