ఉద్యోగానికి 46 ఏళ్లు సరే, చదువుకు సాయమేదీ?

తార్నాక మెట్రో స్టేషన్ కింద సవారీ కోసం ఎదురుచూసే ఆటో డ్రైవర్లలో, హాస్టళ్లకు భోజనం పొట్లాలు చేరవేసే యువకులలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. రోజుకు ఎన్నోసార్లు ఉస్మానియా విశ్వవిద్యాలయం లోపలికి వెళ్లి వస్తారు. విద్యార్థిగా మాత్రం ఒక్కసారీ వెళ్లరు. ఇంటర్‌తోనో, అంతకు ముందో చదువు ఆపి ఇంటి భారం భుజాన వేసుకున్నవారు వీరు. పెళ్లయి, బిడ్డలు పుట్టాక "డిగ్రీ ఉంటే బాగుండేది" అనే మాట వీరి నోట వినిపిస్తుంది. ఆ మాటకు ప్రభుత్వం వద్ద జవాబు లేదు. చేదు నిజం చెప్పాలంటే, మన మిల్లత్ వద్దా లేదు.

ఈ నిస్సహాయత ఉస్మానియా గడపలోనే కనిపించడం మరింత బాధాకరం. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించిన ఈ విద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య బోధించి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. దారుల్ తర్జుమా ద్వారా విజ్ఞాన శాస్త్రాలను ప్రజల భాషలోకి తెచ్చింది. 1977లో ఇదే క్యాంపస్‌లో దూరవిద్య మొదలైంది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి.రాంరెడ్డి సారథ్యంలోనే 1982లో హైదరాబాద్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. నేడు అది అంబేడ్కర్ పేరున నడుస్తున్నది. బడి మానిన పెద్దవారికి చదువు అందించే దారి ఈ నగరంలోనే తెరుచుకుంది. ఆ దారిన మన వాళ్లను నడిపించే ఏర్పాటే కరవైంది.

లెక్కలు మనకు కొత్తవి కావు. ప్రముఖ కళాశాలల డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒక్కరు, పీజీలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో సుమారు 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19.21 లక్షలకు పడిపోయింది. మరుసటి ఏడాది కోలుకున్నా, మొత్తం విద్యార్థుల్లో మన వాటా 5 శాతానికి చేరలేదు. 2011 జనగణనలో దేశ జనాభాలో మనం 14.2 శాతం. ఈ తేడాలో కనిపించకుండా పోయిన యువకులు ఎక్కడికి వెళ్లారు? తార్నాక చౌరస్తాలో చూడండి, కనబడతారు.

తెలంగాణ ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 204కు పెరిగాయి. విదేశాల్లో పీజీ చదివేవారికి 20 లక్షల రూపాయల వరకు ఉపకార వేతనం ఉంది. ఇవి మంచి పనులే. అయితే గురుకులంలో చదివే తమ్ముడికి పుస్తకం కొనిచ్చిన అన్నకు ఏమున్నది? ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సును, 75 శాతం హాజరును అడుగుతుంది. దూరవిద్య దాని పరిధిలోకి రాదు. పగలు కూలి చేసుకునేవాడు పగలే తరగతిలో ఎలా కూర్చుంటాడు? పైగా పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 2 లక్షలు దాటరాదు. నెలకు 17 వేలైనా లేని రాబడి అది. హైదరాబాద్‌లో అద్దె కట్టే ఏ కుటుంబం అంతకు లోబడి బతుకుతుంది?

ఇక్కడే ప్రభుత్వపు ద్వంద్వ నీతి బయటపడుతుంది. 2024లో గ్రూప్-1 వంటి ఉద్యోగాలకు గరిష్ఠ వయసును 44 నుంచి 46 ఏళ్లకు పెంచారు. యూనిఫాం సర్వీసులకు ఈ పెంపు వర్తించలేదు. బీసీ-ఇ వారికి మరో 5 ఏళ్ల సడలింపు ఉంది. అంటే నలభై దాటినవాడూ ఉద్యోగానికి అర్హుడేనని అప్పుడు ప్రభుత్వమే ఒప్పుకుంది! కానీ ఆ ఉద్యోగానికి కావలసిన డిగ్రీని ముప్ఫై ఏళ్ల వయసులో, పని మానకుండా సంపాదించుకోబోతే పైసా సాయం లేదు. 2007 చట్టంతో వచ్చి, సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన 4 శాతం రిజర్వేషన్ కోసం మనం ఎంత పోరాడాం! పట్టా లేనివాడికి గ్రూప్-2లో ఆ 4 శాతం ఏ విధంగా దక్కుతుంది?

దూరవిద్య పట్టాకు విలువ లేదనే పెద్దమనుషులు మనలోనూ ఉన్నారు. గుర్తింపు పొందిన సంస్థలు నిబంధనల మేరకు ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. "ఈ వయసులో చదువేమిటి, ఏసీ మెకానిక్ పని నేర్చుకుని గల్ఫ్‌కు పో" అనేవారూ ఉన్నారు. చేతిపనిని మేము కించపరచము. అయితే ఒక తరం మొత్తానికి ఆ ఒక్క దారే చూపడం అన్యాయం.

అలాగని ఏదో ఒక పట్టా తెచ్చుకుంటే చాలుననీ చెప్పము. పెద్ద వయసులో చదివేవాడికి వృథా చేసేందుకు మూడేళ్లు లేవు. ముందు ఉద్యోగ ప్రకటన చదవాలి, తరువాతే కోర్సు ఎంచుకోవాలి. బ్యాంకు క్లర్కు పోస్టుకు సాధారణ వయోపరిమితి 28 ఏళ్లు. 27వ ఏట డిగ్రీలో చేరినవాడు పూర్తిచేసేసరికి ఆ తలుపు మూసుకుంటుంది, గ్రూప్స్ తలుపు తెరిచే ఉంటుంది. దుకాణంలో లెక్కలు చూసేవాడికి బీకాం అదే వృత్తిలో పైమెట్టు. స్కూలు అసిస్టెంటు కావాలనుకునే సోదరి తాను బోధించబోయే సబ్జెక్టునే డిగ్రీలో తీసుకోవాలి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు. ఇప్పిస్తామనే దళారీకి డబ్బు కడితే చేతికొచ్చేది చెల్లని కాగితమే. ఇంటర్‌తో చదువు ఆగి పెళ్లయిన మన అక్కచెల్లెళ్లకు ఇంటి నుంచే చదివే ఈ అవకాశం మరీ అవసరం. వారికి అడ్డు చెప్పేది ప్రభుత్వం కాదు, మన ఇంటివారే.

కనుక మేము డిమాండ్ చేస్తున్నాం. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీలకూ మైనారిటీల ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తింపజేయాలి. పనిచేస్తూ చదివేవారికి హాజరు నిబంధనను, ఆదాయ పరిమితిని సవరించాలి. ప్రభుత్వాన్ని అడిగే ముందు మనం చేయవలసిందీ ఉంది. ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో చదువు ఆగిపోయిన స్త్రీపురుషుల జాబితా రాయాలి. ప్రవేశాల గడువు ఎప్పుడు ముగుస్తుందో జుమా రోజున ప్రకటించాలి. నిరుపేదల పరీక్ష ఫీజుకు బైతుల్ మాల్ నుంచి ఆసరా ఇవ్వాలి.

వయసు మీరిందని సిగ్గుపడే సోదరులకు ఒక్క మాట. చదవమనే ఆదేశంతో తొలి వహీ దిగివచ్చిననాటికి మన ప్రవక్త (స) వయసు 40 ఏళ్లు. ఆ ఉమ్మత్‌కు చెందిన మనం ముప్ఫై ఏళ్లకే పుస్తకం మూసేస్తామా?