విదేశీ హస్తం, స్వదేశీ సంతకం



ఏ దేశం అప్పుల్లో కూరుకుపోయినా మనవాళ్లు రెండు జట్లవుతారు. ఇదంతా అమెరికా కుట్ర, ప్రపంచ బ్యాంకు కుట్ర అని ఒక జట్టు. బయటోళ్లకేం సంబంధం, అక్కడి పాలకులే దొంగలు అని ఇంకో జట్టు. మొన్న శ్రీలంక విషయంలోనూ ఇదే వాదన. అంత దూరం ఎందుకు? మన రాష్ట్రంలో జరిగిందే చూద్దాం.

1998లో చంద్రబాబు ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2000లో కరెంటు చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

అప్పు వెనుక షరతులున్నాయి, నిజమే. కానీ చట్టం చేసింది మన అసెంబ్లీ. తూటా పేల్చింది మన పోలీసు. 2004లో జనం ప్రభుత్వాన్ని మార్చారు. మే 14న ప్రమాణం చేసిన వైఎస్ ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టాడు. ప్రపంచ బ్యాంకు అప్పటికీ అక్కడే ఉంది. అంటే వంగాలా వద్దా అన్నది కొంతైనా మన చేతిలోనే ఉందన్నమాట.

అన్ని దేశాలకూ ఆ వెసులుబాటు దొరకలేదు. 1953లో ఇరాన్‌లో ఎన్నికైన ప్రధానిని దించిన కుట్రలో అమెరికా, బ్రిటన్ గూఢచారులున్నారు. ఓటుతో సరిదిద్దుకునే దారినే మూసేశారు. అందుకే విదేశీ జోక్యం కట్టుకథ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే అక్కడ కూడా ట్యాంకులు నడిపింది ఇరాన్ సైనికులే.

బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఈ మాటే హెచ్చరించాడు. ఈ దేశం స్వాతంత్ర్యం పోగొట్టుకున్నది సొంత మనుషుల ద్రోహం వల్లే అన్నాడు. సింధు రాజు దాహిర్ సేనానులు లంచం తిని యుద్ధం మానేసిన సంగతి గుర్తుచేశాడు.

ఇక మన సత్యవేడు. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 2008 నుంచి శ్రీసిటీ ఉంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాన్ కంపెనీలొచ్చాయి. రావద్దని నేననను. రెడ్డిగారి పొలంలో కూలికంటే ఫ్యాక్టరీ జీతం మన బిడ్డకు మేలే. కానీ సెజ్ చట్టం 2005లో చేసింది మన పార్లమెంటు. ప్రజా ప్రయోజనం పేరుతో డీకేటీ భూమిని వెనక్కి తీసుకునే అధికారం జపానోడికి లేదు, మన రెవెన్యూ శాఖకుంది. భూమి పోతే ఎంతివ్వాలో, ఉద్యోగం పర్మనెంటా కాంట్రాక్టా అన్నది తేలేది టోక్యోలో కాదు.

2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. దాన్ని తీర్చేది మన పిల్లలు. కాబట్టి నేనడిగేది ఒకటే. విదేశీ అప్పు ఏదైనా, దాని షరతులన్నీ తెలుగులో అచ్చేసి గ్రామసభ ముందు పెట్టండి. దళితవాడ మనిషి చదివాకే సంతకం పెట్టండి. విదేశీ కుట్ర అని అరిచే పార్టీలు, పెట్టుబడి అని మురిసే పార్టీలు, రెండూ ఈ డిమాండు దగ్గర ఎందుకు నోరు మెదపవో కామెంట్లలో మీరే చెప్పండి.