ఉప్పెనకు పాఠం చెప్పడం రాదు

తుఫాను చూసిన పిల్లలకు పర్యావరణం గురించి వేరే చెప్పక్కర్లేదు, అనుభవమే వాళ్లకు గురువు అనే మాట సభల్లో తరచూ వినిపిస్తోంది. కృష్ణా డెల్టా చివరి ఊళ్లను ఎరిగినవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోకూడదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సర్కారు లెక్కల్లోనే దాదాపు పదివేల మందిని మింగింది. చెట్లను కరుచుకుని తెల్లవార్లూ గడిపి బతికిన పిల్లలున్నారు. సముద్రం ఏం చేయగలదో అంతకన్నా బాగా తెలిసిన తరం ఉండదు. ఆ తరం సంసారాల్లో పడిన తొంభైల్లో నాగాయలంక, కోడూరు వైపు వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. కొంత మడ నేల కూడా చెరువు గట్ల కిందికి పోయింది. తీరంలో రొయ్యల సాగును కట్టడి చేయడానికి 1996లో సుప్రీంకోర్టే కలగజేసుకోవాల్సి వచ్చింది. చెరువులు తవ్వినవాళ్లను తప్పుపట్టలేం. ఉప్పునీరెక్కిన పొలం పండదు, అప్పు ఆగదు. నాలుగు డబ్బులు కనబడిన దారి పట్టారు. కానీ కళ్లారా చూసిన ఉప్పెన వాళ్లను ఆపలేదన్నది నిజం. అది వాళ్లలో భయం మిగిల్చింది. మడ చెట్టుకూ తమ ఇంటి గడపకూ ఉన్న సంబంధం చెప్పలేదు.

1999 తుఫానులో ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో, మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట దాని వెనకున్న ఊళ్లలో చావులు తక్కువని పరిశోధకులు తేల్చారు. ఆ రాత్రి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాళ్లకు అది కనబడే సంగతి కాదు. ఊరూరి లెక్కలు తీసి పక్కపక్కన పెడితేనే తెలిసింది.

బందరు పిల్లాడికి పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో తెలుసు, రేపు బడికి సెలవో కాదో తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి గుడివాడ దగ్గరి నందివాడ మండలాన్ని ముంచినప్పుడు పిల్లలు పడవలు చూశారు, పులిహోర పొట్లాలు చూశారు. ఆ నీరు కొల్లేట్లో కలిసి ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరాలని, ఆ దారిని ఆక్రమణలూ చేపల చెరువుల గట్లూ ఇరుకు చేశాయని వాళ్లకు ఎవరు చెప్పారు?

అనుభవమే చాలనుకుంటే బడి తన పని తప్పించుకుంటుంది. పైగా, తల్లిని పోగొట్టుకున్న బిడ్డ కష్టాన్ని చదువని పిలవడం క్రూరత్వం.

ఏటా నవంబరు 19న నివాళులర్పిస్తాం. ఆ వారంలోనే ఎనిమిదో తరగతి పిల్లల్ని ఆటు వేళకు నాగాయలంక మడల్లోకి తీసుకెళ్లండి. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన శ్వాసవేళ్లను ముట్టుకుని చూడనివ్వండి. తర్వాత పక్కనే ఉన్న చెరువు గట్టు మీద నిలబెట్టి ఆ రైతు చేత మాట్లాడించండి. 1977లో ఆయనదీ ఆ పిల్లల ఈడే అయి ఉండొచ్చు. చెరువు ఎందుకు తవ్వాడో, ఎంత మిగిలిందో, పక్క పొలంలో వరి ఎందుకు ఎండిపోతోందో ఆయన నోటితోనే విననివ్వండి.