చిన్న కెమెరా - పెద్ద అమానతు

మన కరీంనగర్ ప్రాంతం నుండి జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. చొప్పదండిలో జరిగే బిడ్డ అఖీఖాకో, చెల్లెలి నికాహ్‌కో రాలేకపోయిన వారికి ఆ వేడుకను కళ్ళకు కట్టేది ఇంట్లోని చిన్న డిజిటల్ కెమెరాయే. దానిని వాడేందుకు ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. మీటను సగం వరకు నొక్కి, ఫోకస్ కుదిరిన పిదప పూర్తిగా నొక్కితే చాలు. ఫ్లాష్ వెలుగు కొద్ది మీటర్లకు మించి చేరదు గనుక రాత్రివేళ దగ్గరగా నిలబడి తీయాలి.

అయితే ఇంటి స్త్రీల చిత్రాలు కూడా అందులోనే ఉంటాయన్న సంగతి మరువరాదు. మెమొరీ కార్డులో ఫోటోను డిలీట్ చేసినంత మాత్రాన అది నశించదు. సాధారణంగా చెరిగేది దాని చిరునామా మాత్రమే. ఆ చోటును మరొక చిత్రం ఆక్రమించేవరకు పాతది అక్కడే ఉంటుంది. తగిన సాఫ్ట్‌వేర్ ఉన్నవారు దానిని తిరిగి రాబట్టగలరు.

కాబట్టి ప్రింట్ల కోసం స్టూడియోకు అసలు కార్డును ఇవ్వకండి. కావలసిన చిత్రాలను మాత్రమే ఒక కొత్త కార్డులోకి ఎక్కించి ఇవ్వండి. కెమెరాను అమ్మేటప్పుడు, ఎరువిచ్చేటప్పుడు కార్డును తీసి దాచుకోండి. కెమెరా లోపలి మెమొరీని కూడా పరిశీలించండి.

అనుమతి పొందనిదే, సలాం చేయనిదే పరుల ఇండ్లలో ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 27వ ఆయతులో బోధిస్తోంది. గడప వద్ద పాటించే ఆ మర్యాదను కెమెరా ఎత్తే ముందు కూడా పాటిద్దాం. ఒకరు నమ్మి తీయనిచ్చిన చిత్రం మన వద్ద ఉన్న అమానతు. దానిని కాపాడటం మన బాధ్యత.