సీసా వద్దంటున్న బిడ్డ మొండివాడు కాదు

పాలసీసా నోటి దగ్గరికి తేగానే మొహం తిప్పుకోవడం, నాలుకతో నిపిల్‌ను బయటికి నెట్టడం, వెనక్కి విరుచుకుని ఏడవడం – ఇలాంటి పసిపిల్లలను ఎత్తుకుని మా పిల్లల ఓపీకి కుటుంబాలు వస్తూనే ఉంటాయి. తల్లి వెంట అమ్మమ్మో, నాయనమ్మో తప్పక ఉంటారు. "సిస్టరమ్మా, నిన్నటి సంది సీసా ముడుత లేడు, ఒక్కటే మొండికేసిండు" అన్నది మొదటి మాట. "తల్లి పాలిస్తే ఇట్లయితుండెనా?" అన్నది రెండో మాట. మొదటి మాట బిడ్డ మీద నేరం మోపుతుంది. రెండోది తల్లి మీద మోపుతుంది. ఈ రెండూ సరికావని నర్సులుగా మా అభిప్రాయం. మాటలు రాని బిడ్డకు "నాకు బాగోలేదు" అని చెప్పుకోవడానికి ఉన్న దారులు ఏడవడం, తాగకపోవడం. ఆ మాట వినడం పెద్దవాళ్ళమైన మన పని.

మొదట ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. తల్లిపాలకు సాటి వచ్చేది ఏదీ లేదు. పుట్టిన గంటలోపు మొదలుపెట్టి, ఆరు నెలలు నిండే వరకు నీళ్ళు కూడా లేకుండా తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మేమూ అదే చెబుతాము. కానీ తల్లి జబ్బుపడిన ఇళ్ళు, తల్లిని కోల్పోయిన ఇళ్ళు, బిడ్డను దత్తత తీసుకున్న ఇళ్ళు మన సంఘాలలోనూ ఉన్నాయి. సెంటినరీ కాలనీ చుట్టుపక్కల కాంట్రాక్టు పనికో, కూలికో, దుకాణానికో పోక తప్పని తల్లులు ఉన్నారు. వాళ్ళ చేతిలో సీసా చూసి నాలుగు మాటలు అనడం తేలిక. దానివల్ల బిడ్డ కడుపు నిండదు, తల్లి కంట నీరు మాత్రం నిండుతుంది.

ఎప్పటినుంచి, ఎలా తాగడం లేదు?

కారణం దొరకాలంటే ఈ ప్రశ్న ముందు వేసుకోవాలి.

మొన్నటి వరకు బాగా తాగి, ఉన్నట్టుండి మానేసిన బిడ్డలో జబ్బు కోసం చూడాలి. ముక్కు దిబ్బడ వేసిన బిడ్డ నోరు మూసి పాలు చప్పరించలేడు, ఎందుకంటే పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి మచ్చలుంటే అది నోటిపూత. నిపిల్ తగిలితే మంట పుడుతుంది. చెవిపోటు ఉన్న బిడ్డ రెండు గుక్కలు తాగి ఏడుస్తాడు. టీకా వేయించిన రోజు, పళ్ళు వచ్చే రోజుల్లో కూడా తాగడం తగ్గవచ్చు.

ఆత్రంగా మొదలుపెట్టి, మధ్యలో అరిచి వదిలేసే బిడ్డ విషయంలో సీసాను చూడాలి. నిపిల్ రంధ్రం పెద్దదైతే పాలు ధారగా గొంతులో పడి ఉక్కిరిబిక్కిరి అవుతాడు. మరీ చిన్నదైతే చప్పరించి చప్పరించి అలసిపోతాడు. సూదితో రంధ్రం పెద్దది చేసే అలవాటు మానాలి. తాగిన ప్రతిసారీ కక్కుతూ విరుచుకుపోయినా, విరేచనంలో రక్తపు చారలు కనబడినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా డాక్టరుకు చూపించాలి. పాలు పడకపోవడం అందుకు కారణం కావచ్చు. అంతేగాని దుకాణంవాడు చెప్పాడని, పక్కింటావిడ చెప్పిందని వారానికో డబ్బా మార్చరాదు.

తల్లిపాలకు అలవాటుపడి, తల్లి పనికి పోవడం మొదలైనప్పుడు సీసాను ఒప్పుకోని బిడ్డ మూడో రకం. ఇందులో జబ్బేమీ లేదు. వాడికి తెలిసింది తల్లి ఒడి, ఆమె వాసన. రబ్బరు కొత్త. అలవాటు పడటానికి సమయం ఇవ్వాలి.

నాలుగో రకం బిడ్డకు అసలు ఆకలే ఉండదు. మొదటి నెలల్లో డబ్బాపాలు తాగే బిడ్డకు రోజు మొత్తానికి ఒక్కో కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి. నాలుగు కిలోల బిడ్డకు 600 మిల్లీలీటర్లు, ఎనిమిదిసార్లుగా పంచితే ఒక్కోసారికి 75. ఇంట్లోవాళ్ళు మాత్రం పక్కింటి బిడ్డను చూసి, ఒకేసారి 120 తాగాలని పట్టుబడతారు. బిడ్డ హుషారుగా ఉండి, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, టీకాల కార్డులో బరువు గీత పైకి పోతూ ఉంటే వాడి లెక్క సరైనదే.

బలవంతం ఎందుకు వద్దంటున్నాము?

ముక్కు మూసి పాలు పోయడం, పడుకోబెట్టి గొంతులో వంచడం, చేతులు పట్టి నిపిల్ నోట్లో కుక్కడం – ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, కాదనము. అయితే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది. నాలుగైదు రోజులు బలవంతం అనుభవించిన బిడ్డ సీసా కనబడగానే భయపడి ఏడుస్తాడు. మొదట వచ్చిన జలుబు తగ్గిపోయినా సీసా అంటే భయం ఉండిపోతుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు ఇంకా గట్టిగా పడతారు. ఈ చక్రం ఆగాలంటే పెద్దవాళ్ళే ముందు ఆపాలి.

దిష్టి తగిలిందని తీసివేయడంతో ఆగితే పరవాలేదు. పొట్టమీద వాతలు పెట్టించడం, నోట్లో వేలు పెట్టి నొక్కించడం, పసరు పోయించడం మాత్రం ఎవరు చెప్పినా చేయరాదు. ప్రార్థన చేయండి, చేస్తూనే బిడ్డను ఆస్పత్రికి తీసుకురండి. ఈ రెండింటికీ వైరం లేదు.

ఇంట్లో చేయవలసినవి

1. సందడి లేని చోట, టీవీ ఆపి కూర్చోండి. బిడ్డ తల ఎత్తుగా ఉండేటట్లు ఒడిలో పట్టుకోండి. నిపిల్‌తో పెదవి తాకించి, బిడ్డే నోరు తెరిచే వరకు ఆగండి.

2. సీసాను దాదాపు అడ్డంగా పట్టుకుని, కొన్ని గుక్కలకొకసారి ఆపి ఊపిరి తీసుకోనివ్వండి. తల తిప్పుకుంటే ఆపండి. ఒక పూట పాలకు అరగంట మించి కుస్తీ పట్టకండి.

3. ఏడుపు ముదరక ముందే, ఆకలి మొదలైనప్పుడు పట్టండి. తల్లి దగ్గర తాగకపోతే వేరొకరు ప్రయత్నించండి. మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి స్నానం చేసి, చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంటే తల్లికి ఒక గంట నిద్ర దొరుకుతుంది. పాలు పట్టడం మగవాళ్ళ పని కాదని ఏ గ్రంథంలోనూ లేదు.

4. ముక్కు దిబ్బడగా ఉంటే డాక్టరును అడిగి ఉప్పునీటి చుక్కలు వేసి, తరువాత పట్టండి.

5. పాలపొడిని డబ్బాలోని కొలత చెంచాతో, డబ్బా మీద రాసినట్టే కలపండి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలుచగా కలిపితే బిడ్డ కడుపు నిండినట్టు ఉండి చిక్కిపోతాడు. చిక్కగా కలిపితే ఒంట్లో నీరు తగ్గుతుంది. మరిగించిన నీళ్ళు అరగంట లోపే, 70 డిగ్రీలకు తగ్గక ముందే కొలిచి పోసుకుని, అందులో పొడి కలిపి, తరువాత చల్లార్చి మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. బిడ్డ మిగిల్చిన పాలు పారబోయండి. కలిపిన పాలు ముట్టకపోయినా రెండు గంటలు దాటితే వాడరాదు. మన రామగుండం ఎండల్లో ఈ సంగతి మరీ ముఖ్యం.

6. ఆరు నెలల లోపు బిడ్డకు బర్రెపాలలో నీళ్ళు కలిపి పట్టే అలవాటు మంచిది కాదు. అందులో బిడ్డకు కావలసిన ఇనుము ఉండదు, మిగతా పోషకాల పాళ్ళూ సరిపడవు.

సీసా ఒక్కటే దారి కాదు

ఇక్కడ మా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాము. బిడ్డ సీసాను వద్దంటే సీసాను తీసి పక్కన పెట్టవచ్చు. మన పెద్దవాళ్ళు వాడిన ఉగ్గుగిన్నె, చిన్న స్టీలు గిన్నె, చెంచా ఉన్నాయి కదా. నెలలు నిండకుండా పుట్టి, ఇంకా చప్పరించలేని పిల్లలకు కూడా ఆస్పత్రులలో నర్సులు గిన్నెతోనే పడతారు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేలా మాత్రమే వంచాలి. బిడ్డే నాలుకతో అందుకుంటాడు. పోయరాదు. గిన్నెను సబ్బుతో కడిగి మరిగించడం సులువు. సీసా మూలల్లో, నిపిల్ లోపల పాలు దాగి క్రిములు పెరుగుతాయి.

సీసాపాల వల్ల వచ్చే విరేచనాలు పేద దేశాలలో ఎందరో బిడ్డలను బలిగొన్నందునే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాలకు నియమావళి పెట్టింది. మన దేశం 1992లో చట్టమే చేసి, పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. 2003లో దాన్ని ఇంకా బిగించింది. ఉచిత డబ్బాలు, కానుకలు ఇచ్చి తల్లులకు అలవాటు చేయడం నేరం. ఎవరైనా అలా ఇస్తే తీసుకోకండి.

తల్లి ఉండి, బిడ్డ చిన్నవాడైతే ఆగిపోయిన పాలు మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. బిడ్డను ఒంటికి ఆనించుకుని, రోజుకు ఎనిమిది పదిసార్లు రొమ్ము చప్పరించనిస్తే చాలామందికి కొద్ది వారాల్లో పాలు ఊరుతాయి. పనికి పోయే తల్లి తన పాలు పిండి గిన్నెలో పెట్టి వెళ్ళవచ్చు. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు అయింది. చట్టం వర్తించే చోట కాంట్రాక్టు మీద పనిచేసే తల్లులు కూడా అడగవచ్చు. పని చోట పాలు పిండుకోవడానికి తలుపున్న గది ఒకటి కావాలి. మన గుళ్ళలో ఆదివారం ఆరాధన సమయంలో తల్లులకు అలాంటి గది ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సంఘ పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాము.

ఆలస్యం చేయరాని లక్షణాలు

రెండు నెలల లోపు బిడ్డ పాలు సరిగా తాగకపోవడమే ప్రమాద లక్షణం. ఒక రాత్రి చూద్దామని ఆగరాదు. ఏ వయసు పసిబిడ్డకైనా ఈ కిందివాటిలో ఒక్కటి కనబడినా, అది నైట్ షిఫ్టు వేళ అయినా, వెంటనే ఆస్పత్రికి రండి, లేదా 108కి ఫోన్ చేయండి.

– పూర్తిగా తాగకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్.
– రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, లేక అంతకు మించి శ్వాసలు, డొక్కలు ఎగరేయడం.
– చిన్నబిడ్డకు చంకలో చూస్తే 99.5 ఫారన్‌హీట్, అంతకు మించి జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడటం.
– ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, మాడు లోతుకు పోవడం.
– ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం.
– పాలు తాగుతుంటే చెమటలు, ఆయాసం. ఇది గుండె లోపానికి గుర్తు కావచ్చు.

నిర్గమకాండములో జమ్ము పెట్టెలో ఏడుస్తున్న మోషేను చూసిన ఫరో కుమార్తె, ఈ బిడ్డను వదిలిన తల్లి ఎవరని తప్పు వెతకలేదు. జాలిపడింది. పాలిచ్చే మనిషిని పిలవడానికి అక్క పరుగెత్తింది. ఆకలిగొన్న బిడ్డ చుట్టూ ఉన్నవాళ్ళు చేయవలసింది అదే. పక్క క్వార్టర్‌లో బిడ్డ పాలు తాగడం లేదని తెలిస్తే ఆ తల్లికి సలహా ఇచ్చే ముందు ఆమె తిన్నదో లేదో అడగండి, కాసేపు బిడ్డను ఎత్తుకోండి, అవసరమైతే ఆటో పిలిచి తోడుగా రండి. గిన్నెతో పాలు పట్టడం నేర్చుకోవాలనుకునే తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు, తండ్రులు పిల్లల వార్డులో ఏ సిస్టరునైనా అడగవచ్చు. దగ్గర కూర్చోబెట్టుకుని చూపిస్తాము.